కుక్కకీ, పాపకీ గోమార్లు పట్టాయి, ఎలా తీయాలి? అర్జెంట్

కొంపల్లి_గృహిణి | రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పండక్కి జనగామ దగ్గర మా అత్తగారి ఊరు వెళ్లొచ్చాం. మా లాబ్రడార్‌ని కూడా తీసుకెళ్లి పశువుల కొట్టం పక్కన కట్టేశాం. ఇవాళ స్నానం చేయిస్తుంటే చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో గోమార్లు కనిపించాయి. ఒకటి బాగా రక్తం తాగి ఆముదం గింజంత అయింది, బూడిదరంగులో ఉంది. మిగతావి చిన్నవి, గోధుమరంగు.

అది చాలదన్నట్టు పాపకి జడ వేస్తుంటే మెడ వెనక, జుట్టు మొదట్లో ఇంకోటి కరుచుకుని ఉంది. ఏడేళ్ల పిల్ల. నొప్పేమీ లేదంటోంది. నాకే టెన్షన్‌తో చేతులు ఆడటం లేదు. అత్తయ్య కిరోసిన్ చుక్క వేస్తే అదే రాలిపోతుందన్నారు. మావారు అగరొత్తితో చురక పెడదామంటున్నారు. వేసలీన్ దట్టంగా రాయమని ఎక్కడో చదివాను. పొద్దున డాక్టర్ దగ్గరికి వెళ్లేదాకా ఆగవచ్చా?

పశువైద్యం_కడప | రాత్రి 9:19

ఆగొద్దమ్మా. పాపకున్నది ఇప్పుడే తీసేయండి. ఎంత తొందరగా తీస్తే అంత మంచిది. కిరోసిన్, అగరొత్తి, వేసలీన్, నెయిల్ పాలిష్ ఏవీ వద్దు. కారణం కింద చెప్తాను, ముందు పని కానివ్వండి.

ఇంట్లో కనుబొమలకి వాడే ప్లక్కర్ ఉంటుంది కదా, మొన సన్నగా ఉన్నది తీసుకోండి. స్పిరిట్‌తో గానీ శానిటైజర్‌తో గానీ తుడవండి. మీవారిని ఫోన్ టార్చ్ పట్టుకోమనండి. జుట్టు రెండు పాయలుగా పక్కకి తీసి క్లిప్పు పెట్టండి. ప్లక్కర్ మొనని చర్మానికి ఆనించి, గోమారి తల దగ్గర పట్టుకోవాలి. పొట్ట దగ్గర పట్టుకుంటే లోపలి రసం పాప ఒంట్లోకి పోతుంది. పట్టు దొరికాక నిదానంగా, నేరుగా పైకి లాగండి. గుంజొద్దు, మెలితిప్పొద్దు. చర్మం కాస్త పైకి లేచి గుడారంలా నిలబడుతుంది, అప్పుడు కంగారుపడి వదిలేయకండి. అదే ఒత్తిడితో కొన్ని క్షణాలు అలాగే పట్టుకుంటే దాని పట్టు సడలి వచ్చేస్తుంది.

వచ్చాక సబ్బునీళ్లతో కడిగి స్పిరిట్ గానీ బెటాడిన్ గానీ రాయండి. పురుగుని గోళ్లతో నలపొద్దు, కాలితో తొక్కొద్దు. చిన్న సీసాలో స్పిరిట్ పోసి అందులో వేయండి. సీసా మీద ఇవాళ్టి తేదీ రాసి పెట్టుకోండి.

గేదెల_కొట్టం | రాత్రి 9:27

నేను సిద్దిపేట దిక్కు రైతుని. మా నాయన కాలం నుంచి గొడ్లకి గోమార్లు పడితే వేపనూనె, కిరోసిన్ కలిపి పూస్తున్నాం. రాలిపోతాయి కూడా. డాక్టరు గారు ఎందుకు వద్దంటున్నారో చెప్పగలరా? వాదించడానికి కాదు, తెలుసుకుందామని అడుగుతున్నా.

పశువైద్యం_కడప | రాత్రి 9:41

మంచి ప్రశ్న అడిగారు. గోమారి దోమలా కుట్టి ఎగిరిపోయేది కాదు. దాని నోటి ముందు ఒక మొన ఉంటుంది, ఆ మొనకి వెనక్కి తిరిగిన ముళ్లు ఉంటాయి. అది చర్మంలోకి దిగాక చుట్టూ జిగురులాంటిది ఊరి గట్టిపడుతుంది. అలా అతుక్కుని రోజుల తరబడి తాగుతుంది. రక్తం పీలుస్తూ మధ్యమధ్యలో తన లాలాజలాన్ని మన ఒంట్లోకి వదులుతుంది. రోగక్రిములు వచ్చేది అందులోనే.

దాని మీద కిరోసిన్ పోసినా, నిప్పు పెట్టినా వెంటనే వదిలి పారిపోదు, ముళ్లు దిగి ఉన్నాయి కదా. ఆ బాధకి లోపలున్నదంతా కక్కే ప్రమాదం ఉంది. మనం భయపడేది సరిగ్గా దానికే. వేసలీన్‌తో ఊపిరాడక ఊడిపోతుందని కూడా అంటారు. గోమారి గంటకి కొన్నిసార్లు మాత్రమే ఊపిరి తీసుకుంటుంది. అది ఉక్కిరిబిక్కిరి అయ్యేలోపు గంటలు గడిచిపోతాయి, అంతసేపూ లాలాజలం లోపలికి పోతూనే ఉంటుంది. పైగా నూనె రాస్తే ప్లక్కర్ జారిపోతుంది. ఇక అగరొత్తి సంగతి, పిల్ల మెడ మీద, జుట్టు మధ్యలో నిప్పు ఎందుకమ్మా?

గొడ్ల విషయంలో మీరన్నదీ నిజమే, గేదెకి వందల్లో పట్టినప్పుడు ఒక్కొక్కటీ ప్లక్కర్‌తో తీయడం అయ్యే పని కాదు. అక్కడ మందు కొట్టాల్సిందే. కానీ కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది, నాకితే కడుపులోకి పోతుంది. పశువుల ఆసుపత్రిలో ఫ్లుమెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి మందులు రాసిస్తారు. వాటి పాళ్లు, కొట్టాక పాలు ఎన్ని రోజులు వాడకూడదో అడిగి మరీ తీసుకోండి. ఏళ్ల తరబడి ఒకే మందు కొడితే గోమార్లు దానికి అలవాటు పడిపోతాయి, అది కూడా డాక్టర్‌కి చెప్పండి.

కొంపల్లి_గృహిణి | రాత్రి 9:58

పాపది వచ్చేసిందండీ! మీరు చెప్పినట్టే చర్మం పైకి లేచింది, నేను వదల్లేదు. సీసాలో వేశాక ఇంకా కాళ్లు ఆడిస్తోంది. కుక్కవి కూడా తీస్తున్నాం. ఒకదాని దగ్గర మాత్రం నల్లటి చుక్క మిగిలిపోయింది, తల లోపల ఉండిపోయిందేమో. సూదితో తీయాలా? ఇంకోటి పొట్ట మీద ఉంది, ఎంత లాగినా రావడం లేదు. వాడు మూలుగుతున్నాడు.

వీధికుక్కల_నేస్తం | రాత్రి 10:01

అక్కా, పొట్ట మీదది లాగడం ఆపేయండి! అది చనుమొన అయి ఉంటుంది. మగ కుక్కలకి కూడా రెండు వరసల్లో ఉంటాయి. ఇక్కడ విశాఖలో మా దగ్గరికి చనుమొనలు పుండు పడి వచ్చే కుక్కలు తక్కువేం కాదు. పులిపిరిని కూడా ఇలాగే లాగేస్తుంటారు. టార్చ్ దగ్గరగా పెట్టి, వెంట్రుకలు తడిపి పక్కకి దువ్వి చూడండి. చర్మానికి ఆనుకుని బుల్లి కాళ్లు కనిపిస్తే గోమారి. కాళ్లు లేకుండా, చర్మం రంగులోనే ఉండి, దానికి ఎదురుగా రెండో వైపు కూడా అలాంటిదే ఉంటే అది ఒంట్లో భాగమే.

పశువైద్యం_కడప | రాత్రి 10:06

సరిగ్గా చెప్పారు.

నల్లచుక్క గురించి: అది తల కాదు, నోటి ముక్క. ప్లక్కర్‌కి సులువుగా అందితే తీయండి, లేకపోతే వదిలేయండి. కొన్నాళ్లకి చర్మమే దాన్ని బయటికి నెట్టేస్తుంది. సూదితో కెలికితే చీము పడుతుంది. తీసిన చోట చిన్న గట్టి బుడిపె కొన్ని రోజులు ఉండటం మామూలే. అది పెరుగుతున్నా, కారుతున్నా చూపించండి.

హోసూరు_రన్నర్ | రాత్రి 10:15

మెలితిప్పొద్దన్నారు కదా సార్. నేను ఆన్‌లైన్‌లో కొన్న ప్లాస్టిక్ కొక్కెం మీద మాత్రం తిప్పుతూ తీయమని బొమ్మ ఉంది. ఏది కరెక్టు?

పశువైద్యం_కడప | రాత్రి 10:22

రెండూ కరెక్టే, పనిముట్టు వేరు. ఆ కొక్కెం చీలికలోకి గోమారి నోరు ఇరుక్కుంటుంది, పొట్ట మీద ఒత్తిడి పడదు. అందుకే దాన్ని తిప్పమంటారు. ప్లక్కర్‌తో నొక్కి పట్టుకుని తిప్పితే నోరు విరుగుతుంది. వీధికుక్కల్ని చూసేవాళ్లకి కొక్కెమే సుఖం.

న్యూజెర్సీ_తెలుగు | రాత్రి 10:40

మీరు పురుగుని దాచమన్నది చాలా ముఖ్యమండీ. ఇక్కడ జింకల మీద ఉండే టిక్ (గోమారి) వల్ల లైమ్ జబ్బు వస్తుంది. కనెక్టికట్‌లో లైమ్ అనే ఊళ్లో 1970లలో పిల్లలకి వరసగా కీళ్లవాపులు రావడంతో అది బయటపడింది. ఎండాకాలంలో మా పిల్లలు పార్కు నుంచి రాగానే బట్టలు విప్పించి నేరుగా డ్రయ్యర్‌లో వేస్తాం. ఎక్కువ వేడి మీద పది నిమిషాలు తిరిగితే పొడిబట్టల్లో ఉన్నవి చచ్చిపోతాయి, ఉతకడం తర్వాత. ఆపైన స్నానం, ఒళ్లంతా తడిమి చూడటం. చంకలు, బొడ్డు, మోకాలి వెనక, చెవుల వెనక, నడుము పట్టీ దగ్గర, తలలో. పిల్ల టిక్ గసగసంత ఉంటుంది, కంటికి ఆనదు, వేలికి తగులుతుంది.

లైమ్ క్రిమి ఎక్కడానికి మామూలుగా ఒక రోజుకి పైగా అతుక్కుని ఉండాలి. కాబట్టి రోజూ సాయంత్రం చూసుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు. కరిచిన చోట ఎర్రటి మచ్చ రోజురోజుకీ పెద్దదవుతుంటే ఫోటో తీసుకుని డాక్టర్‌కి చూపించండి. రిస్కు ఎక్కువనుకుంటే 72 గంటల్లోపు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోసు ఇస్తారు ఇక్కడ. కొంపల్లి గారూ, మీ పాపకి కూడా అడగండి.

ప్రాథమిక_ఆరోగ్యం | రాత్రి 11:05

పీహెచ్‌సీలో పనిచేసే డాక్టర్‌ని. న్యూజెర్సీ గారు చెప్పింది వారి ప్రాంతానికి నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ లెక్క జనగామకి వర్తించదు. లైమ్‌ని మోసే గోమారి వేరు, మన పల్లెల్లో కుక్కల మీద, గొడ్ల మీద ఉండేవి వేరు. కరిచిందని ఇక్కడ ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ వేయం. కొంపల్లి గారూ, పాపకి మందుల షాపులో అడిగి ఏదీ వేయకండి.

మన దగ్గర చూడాల్సింది జ్వరం. కరిచిన మూడు నాలుగు వారాల్లో జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, అరచేతుల్లో అరికాళ్లలో కూడా ఎర్రటి దద్దుర్లు వస్తే గోమారి జ్వరం అనుమానించాలి. ఇండియన్ టిక్ టైఫస్ అంటారు. డాక్సీసైక్లిన్‌కి బాగా లొంగుతుంది. అసలు ఇబ్బంది ఏంటంటే, గోమారి కరిచిందన్న మాట ఎవరూ చెప్పరు. జ్వరం అనగానే డెంగీ, టైఫాయిడ్, మలేరియా పరీక్షలు చేస్తాం. ఈలోగా రోజులు గడిచిపోతాయి. "ఫలానా తేదీన గోమారి తీశాం" అన్న ఒక్క మాట మా పనిని సగం తగ్గిస్తుంది. తేదీ రాసుకోమన్నది అందుకే.

స్క్రబ్ టైఫస్ దీనికి బంధువే, కానీ గోమారి వల్ల రాదు. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లికన్నా చిన్న పురుగు పిల్ల కుడితే వస్తుంది. అది కరిచినట్టు కూడా తెలియదు, తీయడానికి ఏమీ మిగలదు. చంకలోనో గజ్జల్లోనో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. జ్వరంతో వచ్చినవాళ్లకి ఆ పెచ్చు కోసం ఒళ్లంతా వెతుకుతాం. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇది ఉంది. ప్లేట్‌లెట్లు తగ్గుతాయి కాబట్టి డెంగీ అని పొరపడతారు.

ఇంకో రెండు మాటలు. కర్ణాటక మలెనాడు అడవుల్లో ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లు గోమార్ల వల్ల వచ్చే కోతి జ్వరం గురించి తెలుసుకుని వెళ్లండి. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో బయటపడింది, డిసెంబరు నుంచి మే దాకా ఎక్కువ. దారిలో చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి పోకుండా అటవీ సిబ్బందికి చెప్పండి. రెండోది, గోమార్లని వేళ్లతో చిదిమే అలవాటు. 2011లో గుజరాత్‌లో కనిపించిన క్రిమియన్ కాంగో జ్వరం గోమారి కరవడం వల్లే కాదు, చిదిమినప్పుడు చేతికి అంటుకునే రసం వల్ల, జబ్బు పశువు రక్తం వల్ల కూడా వస్తుంది. అప్పుడు రోగికి వైద్యం చేసినవాళ్లకి కూడా సోకింది. పశువుల దగ్గర పనిచేసేవాళ్లు చేతికి తొడుగు లేకుండా, కనీసం ప్లాస్టిక్ కవరైనా లేకుండా గోమారిని ముట్టుకోవద్దు.

తెనాలి_నాన్న | మర్నాడు ఉదయం 6:50

మా నాన్నగారికి రాత్రి నుంచి చెవిలో ఏదో పాకుతున్నట్టు, విపరీతమైన నొప్పి. టార్చ్ వేసి చూస్తే లోపల గోమారిలాంటిది కనిపిస్తోంది. ఆయన గొర్రెల దొడ్లోనే పడుకుంటారు. ప్లక్కర్‌తో ప్రయత్నించనా?

ప్రాథమిక_ఆరోగ్యం | ఉదయం 6:58

వద్దండీ. చెవి లోపల, కంటిరెప్ప మీద, ముక్కులో ఉంటే ఇంట్లో ముట్టుకోవద్దు. కర్ణభేరికి కరుచుకుని ఉంటే మీరు లాగినప్పుడు అది చిరుగుతుంది. నీళ్లు, నూనె పోయకండి, ఇయర్ బడ్ పెట్టకండి. పొద్దున్నే చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మైక్రోస్కోపులో చూస్తూ తీస్తారు. మూతి వంకర పోయినట్టు అనిపించినా, కళ్లు తిరిగినా దారిలో ఆలస్యం చేయొద్దు.

వీధికుక్కల_నేస్తం | ఉదయం 7:30

కొంపల్లి అక్కా, కుక్క మీద తీసేసి ఊరుకుంటే వచ్చే నెల మళ్లీ ఇదే పోస్టు పెడతారు. కుక్కల మీద ఉండే గోధుమరంగు గోమారి పెద్ద మొండిది, ఇంట్లోనే సంసారం పెడుతుంది. తాగి ఉబ్బిన ఆడది కింద పడి గోడ పగుళ్లలో, తలుపు చట్రం వెనక, కుక్క పడుకునే చాప కింద దూరి వేల గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లలు ఆరు కాళ్లతో కుక్క మీదకి ఎక్కుతాయి, తాగి దిగుతాయి, కుబుసం విడిచి ఎనిమిది కాళ్లతో మళ్లీ ఎక్కుతాయి. ఇలా మూడుసార్లు. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. గోడల మీద పైకి పాకుతాయి కాబట్టి నేలే కాదు, కర్టెన్ల మడతలు, మెట్ల కింద కూడా చూడండి.

పరుపు గుడ్డలన్నీ వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. మూలమూలలా వాక్యూమ్ పట్టి, ఆ దుమ్ము సంచిని మూటకట్టి వెంటనే బయట పడేయండి. గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్పించండి. ఇంటికి మందు కొట్టిస్తే ఆరేదాకా పిల్లల్ని, కుక్కని బయట ఉంచండి, గుడ్లు పొదుగుతాయి కాబట్టి కొన్ని వారాలకి మళ్లీ కొట్టించాలి.

కొంపల్లి_గృహిణి | ఉదయం 8:10

ఇంత పని ఉందని తెలియదు తమ్ముడూ, చాలా థాంక్స్. కుక్కకి ఏ మందు మంచిది? ఊళ్లో మామయ్య గొడ్లకి కొట్టే మందు బాటిల్ ఇచ్చారు, అది పూయొచ్చా?

పశువైద్యం_కడప | ఉదయం 8:35

గొడ్ల లెక్కకి కలిపిన మందుని కుక్కకి పూయొద్దమ్మా. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, వాంతులు, వణుకు, మత్తు వస్తాయి. అమిట్రాజ్ స్నానం పాతకాలం నుంచి ఉంది, పనిచేస్తుంది. కానీ పాళ్లు సరిగ్గా కలపాలి, పుండ్లుంటే పూయకూడదు, ఆరేదాకా నాకకుండా మెడకి కోన్ వేయాలి. షుగర్ ఉన్న కుక్కకి వద్దు.

నా మాట అడిగితే నోటి మాత్ర మేలు. అఫాక్సొలానర్ నెలకొకటి, ఫ్లూరలానర్ పన్నెండు వారాలకి ఒకటి. కుక్క బరువు తూచి డాక్టరే రాయాలి. ఫిట్స్ వచ్చే కుక్క అయితే ముందే చెప్పాలి. మాత్ర వేసినా గోమార్లు ఎక్కుతాయి, కరిచాకే చస్తాయి. కాబట్టి మాత్ర వేశాక ఒకటీ అరా కనిపిస్తే మందు నకిలీదని అనుకోకండి. చచ్చి వేలాడుతుంటాయి.

న్యూజెర్సీ వారు చెప్పిన ఒక రోజు గడువు కుక్కల జబ్బుకి లేదు. కుక్కలకి గోమార్లు అంటించే ఎర్లిఖియా అనే క్రిమి కొన్ని గంటల్లోనే ఎక్కేస్తుంది. అందుకే రాబోయే మూడు వారాలు వాడి తిండి, హుషారు గమనించండి. నీరసం, జ్వరం, ముక్కులోంచి రక్తం, చిగుళ్లు పాలిపోవడం, మూత్రం కాఫీ రంగులో రావడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు రక్తపరీక్ష చేయించండి.

పిల్లి_ప్రేమికురాలు | ఉదయం 9:15

మా ఇంట్లో కుక్కా పిల్లీ రెండూ ఉన్నాయి. కుక్క వీపు మీద వేసే చుక్కలమందు పిల్లికి సగం డోసు వేయొచ్చా?

పశువైద్యం_కడప | ఉదయం 9:18

వేయొద్దు! కుక్కల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటే పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు, వణుకుతో మొదలై ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. సగం డోసైనా విషమే. కుక్కకి ఆ మందు వేసినరోజు రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని పడుకోకుండా వేర్వేరు గదుల్లో ఉంచండి. అమిట్రాజ్ కూడా పిల్లికి పనికిరాదు. పిల్లి మందు అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి.

తెనాలి_నాన్న | మధ్యాహ్నం 1:20

గుంటూరులో తీయించామండీ. కర్ణభేరి బాగానే ఉందన్నారు. డాక్టర్ గారికి రుణపడి ఉంటాం.

కొంపల్లి_గృహిణి | మూడు వారాల తర్వాత

అప్‌డేట్ పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తుందని. పాపకి దేవుడి దయవల్ల జ్వరం ఏమీ రాలేదు, మచ్చ కూడా పోయింది. కుక్క మాత్రం పోయిన వారం గిన్నె ముట్టలేదు. గుమ్మం దగ్గర పడుకుని, పిలిస్తే తోక ఊపాడు కానీ లేవలేదు. పై పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ల మీద ఎర్రటి సన్నటి చుక్కలు. మీరు చెప్పిన మాటలు గుర్తుండి ఆ పూటే తీసుకెళ్లాం. ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయి, ఎర్లిఖియా పాజిటివ్. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ వాడమన్నారు. మూడో రోజుకే పెరుగన్నం తిన్నాడు. ఇప్పుడు హుషారుగా ఉన్నాడు.

పశువైద్యం_కడప | అదే రోజు

చాలా సంతోషం తల్లీ. హుషారు వచ్చింది కదా అని మందు మధ్యలో ఆపకండి. క్రిమి దాక్కుని నెలల తర్వాత ఎముకమజ్జ మీద పడితే అప్పుడు కష్టం. మాత్ర తిన్నాక తప్పకుండా నీళ్లో, కాస్త అన్నమో పెట్టండి, గొంతులో అతుక్కుంటే పుండు పడుతుంది. కోర్సు అయ్యాక రక్తపరీక్ష మళ్లీ చేయించండి.

గేదెల_కొట్టం | అదే రోజు సాయంత్రం

డాక్టరు గారూ, మీరు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మా జెర్సీ క్రాస్ దూడ, రెండు నెలలది. నిన్నటి నుంచి ఒళ్లు కాలిపోతోంది, పాలు తాగడం లేదు. భుజం ముందర నిమ్మకాయంత గడ్డ తేలింది. చెవుల్లో గోమార్లు ఉన్నాయి, మీరు చెప్పినట్టు కవరు చేతికి తొడుక్కుని తీసేశాను.

పశువైద్యం_కడప | 6:02

అది థైలీరియాసిస్‌లా ఉంది, గోమార్ల వల్ల పశువులకి వచ్చే జబ్బు, రేపటిదాకా ఆగొద్దు. సంకరజాతి దూడల్ని ఈ జబ్బు తొందరగా పడగొడుతుంది. గడ్డకి చురకలు పెట్టించొద్దు. వెంటనే 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి. గడ్డలోంచి, రక్తంలోంచి శాంపిల్ తీసి చూస్తారు. బూపార్వాక్వోన్ ఇంజెక్షన్ తొలి దశలో పడితే బతుకుతుంది. ఈలోగా నీడలో కట్టేసి నీళ్లు పట్టించండి. దీనికి టీకా కూడా ఉంది, హైదరాబాద్‌లోనే తయారవుతుంది. జబ్బు పడిన దూడకి కాదు, కొట్టంలో ఆరోగ్యంగా ఉన్న మిగతా సంకరజాతి దూడలకి వేయించే సంగతి వచ్చిన డాక్టర్‌నే అడగండి.

గేదెల_కొట్టం | 6:20

ఫోన్ చేశానండి. బండి పక్క ఊళ్లోనే ఉందట, గంటలో వస్తామన్నారు. ఇంకో రెండు దూడలున్నాయి, వాటిని వేరే చోట కట్టేశాను.